ప్రొద్దు ముందే వాలే ఊరికి పుట్టింటి చీర

మా చెల్లెలు చెంగమ్మ ఖరగ్‌పూర్‌లో చనిపోయిందని ఫోన్ వచ్చినప్పుడు తెల్లవారి ఐదయింది. మార్గశిర మాసం. బంగారుపాళ్యంలో మా వీధింకా చీకట్లోనే ఉంది. హైవే మీద లారీల చప్పుడు తప్ప వేరే అలికిడి లేదు. ఫోన్ చేసింది చెంగమ్మ కూతురు, నా మేనకోడలు లక్ష్మి.

"మామా, అమ్మ లేదు. రాత్రి బాగానే తినింది. నిద్దట్లోనే పోయింది," అంది.

ఏడవడానికి ముందు అడగాల్సింది అడిగాను. "ఎప్పుడెత్తుతారు?"

"ఈ పొద్దే మామా. పొద్దు గూకినాక ఎత్తరు కదా. నువ్వు రావాల్నంటే రైల్లో రెండు దినాలు పడతాది. నిన్ను ఎట్ల రమ్మనేది?"

"ఎత్తబాకండి. విమానంలో వస్తా. పొద్దు గూకేలోగా ఆడుంటా. చీర కప్పకుండా ఎత్తితే నేను ఊరుకోను, చెప్తా ఉండా."

"సరే మామా. పొద్దు గూకేదాకా పెట్టుకుంటాం," అని ఫోన్ పెట్టేసింది.

మా వైపు పెళ్ళయిన ఆడది పోతే పుట్టింటి వాళ్ళు కొత్త చీర తెచ్చి కప్పాలి. అన్నయినా, తమ్ముడయినా, వాళ్ళ కొడుకయినా తేవాలి. ఆ చీర మీద పడకుండా పాడె లేచిందంటే ఆమె వెనక ఎవరూ లేరని అర్థం. మా నాయన పోయి ముప్పై ఏళ్ళు దాటింది. తమ్ముళ్ళు లేరు. చెంగమ్మకు పుట్టిల్లంటే ఇక నేనే. నాకు డెబ్బై ఒకటి, దానికి అరవై ఐదు. నాకంటే ముందు దానికి చీర తీసుకుపోవాల్సి వస్తుందని అనుకోలేదు.

చిత్తూరులో ఉన్న అల్లుడు శేఖర్‌కు ఫోన్ చేశాను. అతను ఫోన్‌లోనే టికెట్టు తీశాడు. తిరుపతి నుంచి కలకత్తాకు తిన్నగా ఎగిరితే పద్నాలుగు వందల కిలోమీటర్ల లోపేనట. కానీ ఆ రోజు తిన్నగా పోయే విమానం దొరకలేదు. హైదరాబాద్ పోయి, అక్కడ మారాలి. అలా పోతే పదహారు వందలు దాటుతుంది. తూర్పుకు పోవాల్సినవాణ్ణి ముందు ఉత్తరానికి ఎందుకు తీసుకుపోతారని అడిగాను.

"వాళ్ళ దావ అట్లే మామా. ఎగిరేది రెండు విమానాలూ కలిపి మూడున్నర గంటే. మూడున్నరకు కలకత్తాలో దిగతావు. ఆడ్నుంచి ఖరగ్‌పూర్ కారులో రెండు గంటలంట," అన్నాడు.

మనసులో లెక్క వేసుకున్నాను. ఈ నెలలో పొద్దు గూకేది ఐదూముక్కాలుకు. ఐదున్నరకు చెల్లెలి గుమ్మంలో ఉంటాను. సరిపోతుంది.

శేఖర్ కారు తీసుకుని ఆరుకల్లా వచ్చాడు. నా భార్య కాంతమ్మకు మోకాళ్ళ నొప్పులు, రాలేదు. పసుపు, కుంకుమ పొట్లాలు కట్టి సంచిలో పెట్టింది. "తెల్ల చీర తీస్తావా? ఆయన లేడు కదా," అని అడిగింది. చెంగమ్మ భర్త పోయి ఆరేళ్ళయింది. "దానికి తెలుపంటే గిట్టదు. దాని మొగుడు పోయినాడని నేను దానికి రంగు మార్చేది లేదు," అన్నాను. వెళ్ళేటప్పుడు పోయొస్తానని చెప్పలేదు. ఇలాంటి పనికి పోయేవాడు చెప్పడు.

చిత్తూరులో ఆరున్నరకు బజారు వీధిలో బట్టల అంగడి ముందు కారు ఆపాం. సెట్టి ఇల్లు అంగడి పైనే. శేఖర్ కింద నుంచి పిలిచి "పుట్టింటి చీర" అని ఒక్క మాట అన్నాడు. సెట్టి బనియను మీదే దిగివచ్చి తాళం తీశాడు. మా ఊళ్ళలో చావు చీర కోసం అంగడి ఏ వేళనయినా తెరుస్తారు. ఆ చీరకు బేరమాడరు, అంగడివాడు కూడా ఎక్కువ చెప్పడు. ఆకుపచ్చ మీద ఎర్రంచుది తీశాను. సెట్టి దాన్ని మడత విప్పకుండానే కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఎప్పుడు ఏం కొన్నా "మళ్ళా రాండి అన్నా" అనేవాడు, ఆ రోజు తల మాత్రం ఊపాడు.

అక్కడ నుంచి తిరుపతి దాటి రేణిగుంట విమానాశ్రయానికి తొమ్మిదికి ముందే చేరాం. నలభై ఎనిమిదేళ్ళ వయసులో రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. బోర్డు కనిపిస్తే చదవకుండా దాటలేను. అక్కడ తెలుగులో రాసినవన్నీ చదివాను. శేఖర్ లోపలికి రాకూడదన్నారు. చీర సంచిని చేతిలోనే పెట్టుకోమని, పెద్ద పెట్టెలో వేసి వాళ్ళకు అప్పగించవద్దని చెప్పాడు. మీరూ అలాగే చేయండి. అప్పగించిన సామాను దిగినచోట మళ్ళీ చేతికి రావడానికి అర్ధగంట పడుతుందని తర్వాత చూశాను.

తనిఖీ చేసే చోట ఒక అమ్మాయి సంచి తెరిచి, కాగితం పక్కకు తీసి చూసింది.

"కొత్త సీరా తాతా? మనవరాలికా?"

"చెల్లెలికి."

"బాగుండాది రంగు," అని నవ్వి సంచి తిరిగి ఇచ్చింది. ఆ పిల్ల ఏమీ తెలియక అన్న మాట. కానీ నాకు బాగనిపించింది. ఆ చీర బాగుందని చెప్పిన మనిషి ఆమె ఒక్కతే.

తిరుపతిలో ఎక్కే విమానం ఎలా ఉంటుందో ఎక్కనివాళ్ళకు చెప్పాలి. సగం మందికి గుండ్లు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, చంటిపిల్లలు అందరి తలల మీదా గంధం. పైన సామాను పెట్టే అరల్లో లడ్డు సంచులు. తలుపులు వేశాక నెయ్యి, యాలకుల వాసన తప్ప ఇంకేమీ లేదు. పదీనలభైకి లేచింది. కొండ కింద నుంచి చూడటం తప్ప పైనుంచి ఎప్పుడూ చూడలేదు. చూద్దామనుకునేలోపే మబ్బు వచ్చేసింది.

నా పక్క సీట్లలో ఒక గుండు దంపతులు. పెద్దవాళ్ళే. ఆయన పేరు అప్పలనాయుడు, రైల్వేలో చేసి రిటైరయ్యాడు. ఆమె నూకరత్నం. విమానం లేచి నిలకడ కాగానే ఆమె సంచి విప్పి ఒక లడ్డు విరిచి నా ముందు పెట్టింది.

"తీస్కోండి బావూ. సావిగారి పెసాదం."

నాకు చేతులు రాలేదు. తోడబుట్టినది పోయింది, మైల ఉంది. ప్రసాదం వద్దనకూడదు, మైలలో ముట్టకూడదు. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు.

"మా చెల్లెలు పోయింది తల్లీ. దానికి చీర తీసుకుని పోతా ఉండా. ముట్టకూడదు."

ఆమె చెయ్యి అలాగే ఆగిపోయింది. లడ్డు తిరిగి మూటలో పెట్టుకుంది. "అయ్యో, ఏ ఊరు బావూ?" అంది.

"ఖరగ్‌పూర్."

అప్పలనాయుడు నా వైపు పూర్తిగా తిరిగాడు. "ఏటీ, మాదీ అదే కదండీ! మా తాత కాలంలో సీకాకులం నుంచి ఎల్లినోల్లం. ఏ వీధి మీ సెల్లెలిది?"

చెప్పాను. తమ ఇంటికి నాలుగు వీధుల అవతలనట. చెంగమ్మ భర్తను రైల్వే వర్క్‌షాపులో చూశానన్నాడు. కలకత్తాలో దిగాక ఇద్దరూ కారు మాట్లాడుకుని పోతారట. నన్నూ రమ్మన్నారు. దిక్కు తెలియని ఊళ్ళో నాకు అంతకంటే ఏం కావాలి?

పన్నెండుకు ముందే హైదరాబాద్‌లో దిగాం. రెండో విమానం ఒకటీ ఇరవైకి. మధ్యలో ఒక చోట ఇడ్లీ తిన్నాను. ధర చెబితే మీరు నమ్మరు, చట్నీ చల్లగా ఉంది. లక్ష్మికి ఫోన్ చేశాను.

"ఆపినారా అమ్మీ?"

"ఆపినాం మామా. నువ్వు పొద్దు గూకేలోగా వస్తానంటివి కదా. అందురికీ చెప్పినా," అంది. వెనక ఆడవాళ్ళ ఏడుపు వినిపించింది. నాకు ధైర్యం వచ్చింది.

రెండో విమానంలో కిటికీ సీటు దొరికింది. కింద తెల్లగా మబ్బు, పైన నీలం. రెండు గంటలు అంతే. మొదటిసారి చెంగమ్మను కాపురానికి దింపడానికి ఇదే ఊరికి పోయినప్పుడు దానికి పంతొమ్మిదేళ్ళు. చిత్తూరు నుంచి కాట్పాడికి బొగ్గు ఇంజను రైలు, కాట్పాడి నుంచి మద్రాసు, మద్రాసులో రాత్రి హౌరా బండి. మా అమ్మ రెండు మూటల సద్ది కట్టింది. ఒకదాంట్లో చింతపండు పులుసన్నం, ఒకదాంట్లో శనగపప్పు పొడి, జొన్న రొట్టెలు. చెంగమ్మ తినలేదు, అంతా పక్కన కూర్చున్న ముసలామెకు పెట్టింది. ఆ ముసలామె మద్రాసులో అరవంలో మాట్లాడింది, నెల్లూరు దాటాక తెలుగులో మాట్లాడింది. చెంగమ్మ ఆమెతో నవ్వి నవ్వి, ఆమె రాజమండ్రిలో దిగిపోయాక ఏడ్చింది.

చిలక సరస్సు వచ్చినప్పుడు రైలు నీళ్ళ పక్కనే పోయింది. "అన్నా, సముద్రమా?" అంది. "కాదంట, సెరువంట," అన్నాను. "ఇంత సెరువుంటే మనకు వానలతో పనేముండాది?" అంది. మామిడి తోటల్లో బావులెండిపోయిన సంవత్సరం అది. అందుకే ఆ మాట గుర్తుంది. ఖరగ్‌పూర్‌లో దిగాక ప్లాట్‌ఫారం మీద నడుస్తూనే ఉన్నాం, అది అయిపోదు. "నన్ను ఈ ప్లాట్‌ఫారానికే ఇచ్చినారా ఏం?" అని అడిగింది. అంతసేపు ఏడ్చిన పిల్ల అలా అనేసరికి దాని మొగుడు, మా బావ కూడా నవ్వాడు.

ఇప్పుడు ఆ దూరమంతా మబ్బు కింద ఉంది. నది లేదు, టీ అమ్మేవాడు లేడు, మాట మారేది లేదు. తొందరగా చేరాలన్నప్పుడు విమానాన్ని తప్పుపట్టను. దారి చూడాలనుకునేవాళ్ళు మాత్రం ఎక్కొద్దు.

కలకత్తాలో చెప్పిన వేళకే దిగాం. మెట్లు దిగుతూ చుట్టూ చూశాను. ఏదో తేడాగా ఉంది. నీడలు పొడుగ్గా పడుతున్నాయి. ఎండ పసుపు పచ్చగా ఉంది. మా ఊళ్ళో ఆ ఎండ వచ్చిందంటే ఆవుల్ని ఇంటికి తోలుకొస్తారు. గడియారం చూసుకుంటే మూడూ నలభై.

"నాయుడూ, నా గడియారం నిలిచిపోయిందా?"

ఆయన తన సెల్‌ఫోన్ చూపించాడు. మూడూ నలభయ్యే.

"మరి ఎండ ఇట్లుందేంది?"

"మా కాడ ఇంతే బావూ. తూరుపు కదా. ఈ నెల్లో ఐదుకల్లా సీకటడిపోద్ది. మీ ఎండ మీకాడే ఉండిపోనాది."

పొద్దు గూకేలోగా వస్తానన్నాను. నా మనసులో ఉన్నది బంగారుపాళ్యం పొద్దు. లక్ష్మి పుట్టి పెరిగింది ఇక్కడ. ఆమెకు పొద్దు గూకేదంటే ఐదు గంటలు. ఇద్దరం ఒకే మాట అనుకున్నాం, ముక్కాలు గంట తేడా ఇద్దరికీ తట్టలేదు. ఒక దేశమంతా ఒకే గడియారం పెట్టుకుంది, పొద్దు మాత్రం దానికి కట్టుబడలేదు. ఐదుకు ముందు శ్మశానం చేరాలంటే ఇంట్లోంచి నాలుగుకే ఎత్తాలి.

లక్ష్మికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ ఎత్తలేదు.

అప్పలనాయుడు కారతనితో హిందీలో ఏదో చెప్పాడు. బండి వేగంగానే పోయింది, కానీ ఊరు దాటడానికే గంట పట్టింది. పదహారు వందల కిలోమీటర్ల గాలిలో ఎవరూ అడ్డం రాలేదు, ఇక్కడ ఒక రిక్షా, ఒక బస్సు, ఒక ఊరేగింపు చాలు. పెద్ద వంతెన మీద నది దాటేటప్పటికి పొద్దు నీళ్ళకు దగ్గరగా ఉంది. హైవే ఎక్కిన కాసేపటికే ఎర్రగా అయి, చూస్తూ ఉండగానే తాటిచెట్ల వెనక పడిపోయింది. నేను సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నూకరత్నం ముందు సీటులోంచి వెనక్కి తిరిగి, "ఆపుతారు బావూ. ఆడోల్లు ఆపుతారు," అంది.

ఖరగ్‌పూర్‌లో చెంగమ్మ ఇంటి ముందు దిగేటప్పటికి ఏడు. వాకిలి కడిగి ఉంది. చెప్పులు చాలా ఉన్నాయి. లోపల ఆమెను పెట్టిన చోట నేల మీద దీపం వెలుగుతోంది. లక్ష్మి తడి జుట్టుతో ఎదురొచ్చి నా కాళ్ళ మీద పడింది.

"నాలుగుకే ఎత్తేసినారు మామా. పొద్దు గూకుతా ఉంది. నువ్వు విమానంలో ఉండంగా శానాసార్లు చేసినా, తగల్లేదు. ఎత్తేటప్పుడు నా ఫోను లోపలే ఉండిపోయింది."

"ఆగమని చెప్పినా కదా! ఒక ముసిలోడు అంత దూరం ఎగిరొస్తా ఉంటే ఆగలేరా? వెనకెవురూ లేని దాని మాదిరి ఎత్తినారా నా చెల్లెల్ని?"

గట్టిగా అరిచాను. ఇంటినిండా మనుషులున్నారని చూసుకోలేదు. అప్పుడు గోడ వారగా కూర్చున్న ఒక ఆడమనిషి లేచింది. పొట్టి మనిషి, తెల్ల జుట్టు, వేళ్ళకు సున్నం. ఎదురింటి కుప్పమ్మ. చెంగమ్మ ఫోన్‌లో ఎప్పుడూ ఆమె మాట చెప్పేది.

"అన్నా, పిల్లమీద అరసబాక," అంది. మా మాటే, మా యాస. "ఉత్త చేతుల్తో ఎత్తలే మీ చెల్లెల్ని. పుట్టింటి సీర కప్పే ఎత్తినాం."

"ఎవురు తెచ్చినారు?"

"నువ్వే."

నాకు అర్థం కాలేదు. ఆమె నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, చెప్పింది.

"ఈడ మా అందురి పెట్టెల్లో ఒక సీర ఉంటాది అన్నా. చిత్తూరు నుంచి వచ్చినోల్లు, కడప నుంచి వచ్చినోల్లు, సీకాకులం నుంచి వచ్చినోల్లు, అందురమూ. రైల్లో రెండు దినాలు పట్టే ఊరి నుంచి ఎవురు వస్తారు సమయానికి? అందుకే పుట్టింటోల్లు ఎప్పుడన్నా వచ్చినప్పుడు తెచ్చిన సీరల్లో ఒకటి కట్టకుండా ఎత్తి పెట్టుకుంటాము. ఏటా ఒకసారి ఎండలో ఏసి, మళ్ళా కలరా ఉండలేసి మడిచి పెడతాము. మీ చెంగమ్మది వంకాయ రంగు. పచ్చంచు. లక్ష్మి తమ్ముడు పుట్టినప్పుడు నువ్వు తెచ్చినావంట కదా."

వంకాయ రంగు, పచ్చంచు. ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాలేదు. పిల్లవాణ్ణి చూడటానికి పోయింది గుర్తుంది, ఉయ్యాల గుర్తుంది, బావ కొనిచ్చిన చేప గుర్తుంది. చీర ఎక్కడ కొన్నానో, ఎంతకు కొన్నానో, అసలు నేను కొన్నానో కాంతమ్మ కొనిందో తెలియదు. నాకు గుర్తులేని చీరను అది ముప్పై ఎనిమిదేళ్ళు దాచుకుంది. నేను రానని కాదు, రైలు నన్ను వేళకు చేర్చదని.

అప్పుడేడ్చాను.

మరుసటి రోజు పొద్దున్నే శ్మశానానికి పోయి పాలు పోసి, ఎముకలేరి కుండలో పెట్టాం. లక్ష్మి, ఆమె తమ్ముడు, నేను. నది దగ్గర్లోనే. మూడు రోజులూ ఆ ఇంట్లోనే ఉన్నాను. పోయేవాళ్ళెవరికైనా పనికొస్తుందని చెబుతున్నాను: అక్కడ తెలుగు వీధుల్లో ఉండటానికి ఏ ఇబ్బందీ లేదు. అంగట్లో మన చింతపండు, మన మిరపకాయలు దొరుకుతాయి. ఉదయం ఆరుకే బాగా తెల్లవారిపోతుంది. నేను అలవాటుగా లేచేలోపు వీధి సగం పని అయిపోయేది.

మూడో రోజు పొద్దున నా సంచిలోంచి ఆకుపచ్చ చీర తీసి లక్ష్మి ముందు పెట్టాను. చావుకు కొన్న చీర తిరిగి గడప దాటి ఇంటికి రాకూడదు. లక్ష్మి నదిలో వదిలేద్దామంది. అదే సరి అనుకుని లేచాను. కుప్పమ్మ వాకిట్లో కూర్చుని ఆకు నములుతోంది. పక్కన మంచం మీద ఆమె భర్త. ఆయనకు చెవులు సరిగా వినపడవు.

"అన్నా, ఆ సీర నాకిస్తావా?" అంది.

లక్ష్మి ఉలిక్కిపడింది. "అత్తా! అది పీనుగ సీర!"

"నాకూ దానికే కదా అడిగేది! పెండ్లికా?" అంది కుప్పమ్మ.

ఆమెది పుత్తూరు. ముగ్గురన్నలు, ముగ్గురూ పోయారు. పెట్టెలో పెట్టుకున్న చీర కూతురి పెళ్ళినాడు ఇల్లు కారి తడిసి, బూజు పట్టి పాడయిందట. ఆ తర్వాత తెచ్చేవాళ్ళు లేరు. వాళ్ళ పాత ఇల్లు అమ్మేస్తే, కొన్నవాడు విరిగిన ఎముకలకు పుత్తూరు కట్టు కట్టించుకోడానికొచ్చేవాళ్ళకు గదులు కట్టి అద్దెకిస్తున్నాడట. "మా పుట్టింట్లో ఇప్పుడు కాళ్ళిరిగినోల్లు, సేతులిరిగినోల్లు ఉండారు. వాళ్ళను తెమ్మంటానా సీర?" అంది.

"నా ఎడమ చెయ్యి పుత్తూరు కట్టే," అన్నాను. "చిన్నప్పుడు మామిడి చెట్టు మీంచి పడితే మా నాయన మీ ఊరికే ఎత్తుకుపోయినాడు."

"అయితే ఇంగేం? మా ఊరు నీ ఎముకలో ఉండాది. నువ్వు నాకు అన్నవే."

కాంతమ్మ కట్టిచ్చిన పసుపు, కుంకుమ ఇంకా సంచిలోనే ఉన్నాయి. తూర్పుకు తిరిగి కూర్చోమన్నాను. బొట్టు పెట్టి, చీర మీద పసుపు చల్లి, రెండు చేతుల్లో పెట్టాను. ఆమె వంగి నా కాళ్ళు ముట్టింది.

మంచం మీద ఆయన గట్టిగా అడిగాడు. "ఏమిచ్చినాడు? నాకేమీ తేలేదా?"

"నీక్కావాల్నా పుట్టింటి సీర?" అని కుప్పమ్మ ఆయన చెవిలో అరిచింది. మూడు రోజుల తర్వాత ఆ ఇంట్లో అందరూ నవ్వారు. లక్ష్మి కూడా.

తిరుగు ప్రయాణానికి శేఖర్ విమానం టికెట్టు తీస్తానన్నాడు. వద్దన్నాను. ఇప్పుడు నాకోసం ఎవరూ పొద్దు చూసుకుంటూ కూర్చుని లేరు. ఉదయం ఎనిమిదికి రేణిగుంట మీదుగా పోయే బండి దొరికింది. ఒక రాత్రి పడుతుంది. లక్ష్మి, కుప్పమ్మ స్టేషనుకు వచ్చారు. ఆ పొడుగు ప్లాట్‌ఫారం మీద కుప్పమ్మ నా వెనకే ఆయాసపడుతూ నడిచింది. చేతిలో సద్ది మూట. పెరుగన్నం, నంజుకోను మిరపకాయలు.

రైలు కదిలే ముందు కిటికీ ఊచ పట్టుకుంది.

"అన్నా, ఒక మాట. నేను పోయినప్పుడు నువ్వు పరిగెత్తుకుని రాబాక. విమానం వద్దు, ఏం వద్దు. సీర ఉండాది కదా. బతికుండంగా ఒకసారి రా."

"వస్తా," అన్నాను. ఈసారి పోయొస్తానని కూడా చెప్పాను.

పగలంతా కిటికీ పక్కనే కూర్చున్నాను. బాలాసోర్, కటక్, భువనేశ్వర్. మధ్యాహ్నం చిలక సరస్సు వచ్చింది, పక్షులు నీళ్ళ మీద నల్లగా కూర్చున్నాయి. నాలుగున్నర ప్రాంతంలో రైలు నెమ్మదిగా ఒక చిన్న స్టేషను దాటుతుంటే బోర్డు మీద మూడు భాషల్లో పైన తెలుగు కనిపించింది. ఇచ్చాపురం.

మొదటిసారి పోయినప్పుడు నాకు అక్షరాలు రావు. చెంగమ్మ ఐదో తరగతి చదివింది. తెల్లవారినప్పటి నుంచి ప్రతి స్టేషను బోర్డూ నాకు పైకి చదివి వినిపించింది. పగలల్లా అదే పని. ఇచ్చాపురం చదివింది. తర్వాతి స్టేషనులో ఒరియా బోర్డు చూసి, నోరు తెరిచి, మూసుకుంది. "ఈడికి నా సదువు అయిపోయిందన్నా," అంది. అక్కడి నుంచి చిలక సరస్సు వచ్చేదాకా మాట్లాడలేదు.

ఆ సంగతి ఆలోచిస్తూ ఉండగా ఫోన్ మోగింది. లక్ష్మి ఫోన్‌లోంచి కుప్పమ్మ.

"సద్ది తిన్యావా అన్నా? యాడుండావు?"

"ఇచ్చాపురం దాటినా."

"అయితే తెలుగు పలకలు వచ్చినాయా?"

"వచ్చినాయి."

"నేను ఆ దావన వచ్చి ఇరవై ఏండ్లయింది. సదువుతావా? వింటా."

ఎదురుగా కూర్చున్న కుర్రకారు సెల్‌ఫోన్లలోంచి తలెత్తి చూశారు. నేను పట్టించుకోలేదు. ఫోన్ చెవికి పెట్టుకుని, కళ్ళద్దాలు సరిచేసుకుని, కిటికీకి ఆనుకున్నాను.

"సోంపేట," అన్నాను.

"ఆఁ."

"మందస రోడ్డు."

"ఆఁ, ఇంగ?"

"ఉండు, రానీ. పలాస."